నడిపిస్తే చాలదు.. బతికించాలి!

తుంటి కీలు మార్పిడి ఇప్పుడు మామూలు శస్త్రచికిత్స అయిపోయింది. కానీ తొలిరోజుల్లో దీని తర్వాత రక్తపు గడ్డ ఊపిరితిత్తుల్లో చిక్కుకుని నూటికి ఒకరు చనిపోయేవారు. ఆ లెక్కను దాచకుండా రాసిపెట్టి, ప్రమాదాలను ఒక్కొక్కటిగా తగ్గించటానికి జీవితాంతం పాటుపడిన వైద్యుడు సర్ జాన్ చార్న్‌లీ. మీ ఇంట్లో ఎవరికైనా ఈ శస్త్రచికిత్స అవసరమైతే ఆయన కథ మీకు ధైర్యాన్నిస్తుంది, ఏం అడగాలో కూడా నేర్పుతుంది.

మీ అమ్మగారికో, నాన్నగారికో తుంటి కీలు పూర్తిగా అరిగిపోయిందని, మార్చక తప్పదని డాక్టర్ చెప్పారనుకోండి. ఇంటికొచ్చాక ఏం జరుగుతుంది? ఖర్చు ఎంతవుతుందో లెక్క వేసుకుంటారు. ఎవరు ఎన్ని రోజులు సెలవు పెట్టాలో, ఆసుపత్రిలో రాత్రిపూట ఎవరు తోడుండాలో తేల్చుకుంటారు. కానీ అందరి మనసుల్లోనూ ఇంకో ప్రశ్న మెదులుతూనే ఉంటుంది. పెద్దవాళ్ల ముందు దాన్ని పైకి అనటానికి నోరు రాదు. ఈ వయసులో ఆపరేషన్ చేయిస్తే ప్రాణానికేమీ కాదు కదా?

అపశకునమని ఆ ప్రశ్నను మింగేయకండి. నేటి తుంటి మార్పిడికి ఆద్యుడైన వైద్యుడిని కూడా వేధించింది సరిగ్గా ఆ ప్రశ్నే.

మందుల షాపు ఇంట్లో పుట్టి..

జాన్ చార్న్‌లీ 1911 ఆగస్టు 29న ఇంగ్లండులోని లాంకషైర్ ప్రాంతంలో, బరీ అనే ఊళ్లో పుట్టారు. అదంతా నూలు మిల్లులు, మగ్గాల సీమ. తండ్రికి మందుల షాపు ఉండేది. తల్లి నర్సుగా శిక్షణ పొందినావిడ. అందుకే ఇంట్లో రోగాలు, మందుల గురించి మాటలు మామూలే. కుర్రాడికి మాత్రం చేతిపని మీద కూడా అంతే మక్కువ. ఏదైనా వస్తువు ఎలా పనిచేస్తుందో విప్పి చూస్తే గానీ తోచేది కాదు. పెద్దయ్యాక వైద్యంలోనూ ఈ గుణమే ఆయన్ను నడిపించింది.

మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య చదివి 1935లో పట్టా పుచ్చుకున్నారు. ఆ మరుసటి ఏడాదే, 25 ఏళ్లకే, శస్త్రవైద్యుల్లో ఉన్నతమైన ఎఫ్‌ఆర్‌సీఎస్ అర్హత సాధించారు. అంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. సైనిక వైద్యదళంలో చేరి, 1940లో డన్‌కర్క్ తీరం నుంచి సైనికులను తరలిస్తున్నప్పుడు అక్కడ పనిచేశారు. తర్వాత కైరోకు వెళ్లారు. అక్కడ విరిగిన కాళ్లకూ చేతులకూ కట్టే చట్రాలను, పరికరాలను తయారుచేసే వర్క్‌షాపులో తలమునకలయ్యారు.

యుద్ధం ముగిశాక మాంచెస్టర్‌కు తిరిగొచ్చి ఎముకల శస్త్రచికిత్సలో స్థిరపడ్డారు. విరిగిన ఎముకలను కోత లేకుండా సరిచేయటంపై 1950లో ఆయన రాసిన పుస్తకం పేరు తెచ్చిపెట్టింది. అందులో ఆయన తీరు ఒకటి స్పష్టంగా కనబడుతుంది. కత్తి పట్టటంలో ఆరితేరినా, కత్తితో పని లేనిచోట దాన్ని పట్టకూడదన్నది ఆయన పట్టుదల.

సొంత కాలే నేర్పిన పాఠం

ఎముక ముక్కను ఒకచోటి నుంచి తీసి మరోచోట అతికిస్తే అది ఎలా బతుకుతుంది? యుద్ధానంతరం చార్న్‌లీని ఈ సందేహం పట్టుకుంది. రోగుల మీద ప్రయోగం చేయటానికి మనసొప్పలేదు. తోటి వైద్యుడిని ఒప్పించి, తన ముంగాలి ఎముక మీదే ఆ పని చేయించుకున్నారు. చివరకు పుండు చీము పట్టింది. ఇన్‌ఫెక్షన్ ఎముకలోకి దిగింది. మళ్లీ శస్త్రచికిత్స చేయించుకోవాల్సి వచ్చింది.

ఎముకలోకి సూక్ష్మక్రిమి చేరితే మనిషి ఎంత అవస్థ పడతాడో ఆయనకు ఏ పుస్తకమో చెప్పలేదు. తన కాలే చెప్పింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. కొన్నేళ్ల తర్వాత ఆయన ఆపరేషన్ గదిలో గాలిని సైతం ఎందుకు అనుమానించారో అప్పుడు అర్థమవుతుంది.

కిర్రుమన్న తుంటి

తుంటి మన ఒంట్లో బరువు మోసే పెద్ద కీళ్లలో ఒకటి. తొడ ఎముక పైభాగం బంతిలా గుండ్రంగా ఉంటుంది. అది కటి ఎముకలోని గిన్నెలాంటి గుంటలో తిరుగుతుంటుంది. రెండింటి మీదా నున్నటి మృదులాస్థి పొర ఉంటుంది. ఈ పొర అరిగిపోతే ఎముకా ఎముకా రాసుకుంటాయి. అడుగు తీసి అడుగు వేయాలంటే ప్రాణం పోయినంత పనవుతుంది. మంచం మీద పక్కకు తిరగాలన్నా, చెప్పులు వేసుకోవాలన్నా, మరుగుదొడ్డికి వెళ్లాలన్నా ఇంకొకరి సాయం కావాల్సిందే.

అప్పట్లో ఫ్రాన్సుకు చెందిన జూడె సోదరులు ఈ బంతి భాగాన్ని తీసేసి, దాని స్థానంలో అక్రిలిక్ ప్లాస్టిక్ బంతిని అమర్చేవారు. అలాంటి బంతి వేయించుకున్న ఒకాయన చార్న్‌లీ దగ్గరికి వచ్చారు. ఆయన ఒంగినప్పుడల్లా తుంటి కిర్రుమనేది. ఆ చప్పుడు భరించలేక ఆయన భార్య భోజనాల బల్ల దగ్గర్నుంచి లేచి వెళ్లిపోయేదట.

ఎవరైనా నవ్వి ఊరుకునేవారే. చార్న్‌లీ మాత్రం ఆలోచనలో పడ్డారు. కిర్రుమంటోందంటే అక్కడ రాపిడి ఎక్కువగా ఉన్నట్టే. రాపిడి ఉందంటే ఏదో ఒకరోజు ఆ బంతి ఎముకలోంచి వదులైపోవటం ఖాయం. అసలైన కీలులో రాపిడి దాదాపు ఉండదనే చెప్పొచ్చు, మంచు మీద జారే స్కేటు కన్నా తక్కువ. కాబట్టి కృత్రిమ కీలు పెట్టాలంటే ముందు రాపిడిని జయించాలి.

క్షయ ఆసుపత్రే ప్రయోగశాల

చార్న్‌లీ 1957లో, నడివయసులో, జిల్‌ను పెళ్లాడారు. తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టారు. పెద్ద నగరంలో సుఖంగా ప్రాక్టీసు చేసుకునే వీలున్నా, ఆయన విగన్ పట్టణం దగ్గర్లోని రైటింగ్టన్ ఆసుపత్రిని ఎంచుకున్నారు. అది క్షయరోగుల ఆసుపత్రి. కొత్త మందుల రాకతో క్షయ తగ్గుముఖం పట్టి, పడకలు ఖాళీ అవుతున్నాయి. అక్కడే 1961లో తుంటి చికిత్స కేంద్రం ప్రారంభమైంది. పక్కనే లేతు యంత్రాలతో చిన్న వర్క్‌షాపు. దాన్ని చూసుకోవటానికి హ్యారీ క్రావెన్ అనే యువ సాంకేతిక నిపుణుడు.

చార్న్‌లీ ఆలోచన సూటిగా ఉండేది. బంతి స్టీలుతో ఉండాలి, అదీ చిన్నదిగా ఉండాలి. అసలు బంతి 40 నుంచి 50 మిల్లీమీటర్లు ఉంటే, ఆయన దాదాపు 22 మిల్లీమీటర్లకు కుదించారు. బంతి చిన్నదైతే తిరిగేటప్పుడు గిన్నెను వదులు చేసే మెలి బలం తగ్గుతుంది. గిన్నె జారుడు ప్లాస్టిక్‌తో ఉండాలి. ఈ రెండింటినీ ఎముకలో గట్టిగా నిలబెట్టాలి. ఇందుకు దంతవైద్యంలో వాడే అక్రిలిక్ సిమెంటు పనికొస్తుందని మాంచెస్టర్ దంతవైద్య పదార్థాల నిపుణుడు డెనిస్ స్మిత్ సూచించారు. ఇది జిగురులా అతికించదు. రాళ్ల సందుల్లో సున్నం నింపినట్టు ఎముకకూ లోహానికీ మధ్య ఖాళీనంతా నింపి బిగిస్తుంది. నేటికీ చాలా తుంటి మార్పిడులు ఈ పద్ధతిలోనే జరుగుతున్నాయి.

మూడొందల మంది.. ఒకే తప్పు

గిన్నెకు చార్న్‌లీ ఎంచుకున్న ప్లాస్టిక్ టెఫ్లాన్. మన వంటింట్లో అంటుకోని పెనం మీద పూత వేసేది అదే. అంతకన్నా జారే పదార్థం అప్పటికి దొరకలేదు. సుమారు మూడొందల మందికి అమర్చారు. ఫలితాలు అద్భుతం. చంక కర్రలు పట్టుకుని వచ్చినవాళ్లు నొప్పి లేకుండా నడుచుకుంటూ వెళ్లిపోయారు.

రెండు మూడేళ్లు గడిచాయో లేదో, ఒక్కొక్కరే మళ్లీ నొప్పితో రావటం మొదలుపెట్టారు. టెఫ్లాన్ గిన్నె అరిగి, అందులోకి స్టీలు బంతి దిగబడిపోతోంది. అరిగిన పొడి చుట్టూ కణజాలం వాచి, ఎముకను తినేస్తోంది. ఒకరిద్దరికి కాదు, వరసగా అందరిదీ అదే దారి. చార్న్‌లీ కుంగిపోయారు. అయినా దాన్ని దాచలేదు. ఆ రోగులందరినీ వదిలేయకుండా, అమర్చిన వాటిని మళ్లీ తానే తీయటానికి పూనుకున్నారు.

టెఫ్లాన్ పొడి ఒంటికి పడుతుందో లేదో తేల్చటానికి మళ్లీ తననే ఎంచుకున్నారు. తొడ చర్మం కింద టెఫ్లాన్‌ను, మరో ప్లాస్టిక్‌ను పెట్టించుకున్నారు. నెలలు గడిచేసరికి టెఫ్లాన్ పెట్టినచోట చేతికి తగిలేలా గడ్డ కట్టింది. రెండోది పెట్టినచోట ఏమీ లేదు. ఈ ఫలితాన్ని 1963లో ప్రఖ్యాత వైద్య పత్రిక లాన్సెట్‌కు రాసి, తోటి వైద్యులను హెచ్చరించారు.

ఆ రెండో ప్లాస్టిక్ కథ కూడా తమాషాగానే ఉంటుంది. 1962లో ఒక సేల్స్‌మన్ వర్క్‌షాపుకొచ్చి, మగ్గాల పళ్ల చక్రాలకు వాడే కొత్తరకం పాలిథీన్ చూపించారు. చార్న్‌లీ దాన్ని గోటితో గీరి చూసి, పనికిరాదని పెదవి విరిచి వెళ్లిపోయారు. క్రావెన్ మాత్రం ఊరుకోలేదు. చార్న్‌లీ ఊళ్లో లేని సమయంలో దాన్ని అరుగుదల యంత్రంలో పెట్టి తిప్పారు. మూడు వారాలు ఆగకుండా తిరిగినా అది టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా అరగలేదు. తిరిగొచ్చిన చార్న్‌లీ యంత్రాన్ని చూసి తన మాట మార్చుకున్నారు. అదే ఏడాది నవంబరులో పాలిథీన్ గిన్నెతో తొలి శస్త్రచికిత్స చేశారు.

ఒకసారి దెబ్బతిన్న మనిషి కదా, ఈసారి తొందరపడలేదు. తన రోగులను ఏళ్ల తరబడి పరిశీలించాకే ఇతర వైద్యులకు ఆ కీళ్లను అందనిచ్చారు. మొదట్లో ఆ అవకాశం కూడా రైటింగ్టన్‌కు వచ్చి పద్ధతి నేర్చుకున్నవారికే. మార్కెట్లో వస్తువు దొరుకుతోంది కదా అని ఎవరుపడితే వాళ్లు అమర్చటాన్ని ఆయన ఒప్పుకోలేదు.

మొదటి శత్రువు.. గాలిలోని క్రిమి

కీలు కుదిరింది, నొప్పి పోయింది. మరి ప్రాణం సంగతి?

తొలి ఏళ్లలో రైటింగ్టన్‌లో నూటికి ఏడుగురికి పైగా కృత్రిమ కీలు చుట్టూ చీము పట్టేది. లోపల లోహం, ప్లాస్టిక్, సిమెంటు ఉన్నచోట క్రిమి చేరితే మందులకు తొందరగా లొంగదు. కీలును తీసేయాల్సి రావొచ్చు. వృద్ధుల్లో ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకితే ప్రాణాల మీదికే వస్తుంది.

కత్తులు, గుడ్డలు అన్నీ శుద్ధి చేస్తూనే ఉన్నారు. మరి క్రిమి ఎక్కడి నుంచి వస్తోంది? ఆపరేషన్ గదిలో మనుషుల చర్మం నుంచి రాలే పొడి గాలిలో తేలుతూ పుండు మీద పడుతోందని చార్న్‌లీ అనుమానించారు. గాలిని వడపోసే పరికరాల్లో నిపుణుడైన హ్యూ హోవర్త్ తోడ్పాటుతో ఆపరేషన్ బల్ల చుట్టూ ఒక చిన్న గదిలాంటిది కట్టారు. పైనుంచి కిందికి వడపోసిన గాలి ధారగా దిగుతుంది. వైద్యులు నిలువెల్లా కప్పే దుస్తులు వేసుకుంటారు. వాళ్లు వదిలే ఊపిరి సైతం గొట్టంలోంచి బయటికి పోతుంది. అంతరిక్ష యాత్రికుల్లా ఉన్నారని నవ్వినవాళ్లూ లేకపోలేదు.

లెక్కలు మాత్రం నవ్వలేదు. ఒక్కో జాగ్రత్తా తోడవుతున్న కొద్దీ ఇన్‌ఫెక్షన్లు తగ్గుతూ నూటికి ఒకటి కన్నా కిందికి వచ్చాయి. గాలి శుద్ధే ఇందుకు కారణమా అని ఎంతోమంది వాదించారు. బ్రిటన్ వైద్య పరిశోధన మండలి అండతో 8 వేలకు పైగా తుంటి, మోకాలి శస్త్రచికిత్సలపై జరిగిన పెద్ద అధ్యయనం 1982 జులైలో వెలువడింది. అతిశుద్ధమైన గాలిలో చేస్తే ఇన్‌ఫెక్షన్లు సుమారు సగానికి తగ్గుతాయని తేలింది. శస్త్రచికిత్సకు ముందు యాంటీబయాటిక్ ఇస్తే మరింత మేలని కూడా అది చూపింది.

రెండో శత్రువు.. కదలని కాలిలో గడ్డ

ఇన్‌ఫెక్షన్ నెమ్మదిగా దెబ్బ తీసేది. ఇంకోటి మాత్రం చెప్పాపెట్టకుండా వచ్చేది. శస్త్రచికిత్స బాగా జరిగింది, రోగి కోలుకుంటున్నారు, ఇంకొద్ది రోజుల్లో ఇంటికి వెళ్లాలి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి. నిమిషాల్లో మనిషి ఉండరు.

కారణం రక్తపు గడ్డ. శస్త్రచికిత్స సమయంలో తొడ సిరలు మెలిపడతాయి. గాయానికి స్పందనగా రక్తం చిక్కబడే గుణం పెరుగుతుంది. దీనికి తోడు మనిషి కదలకుండా పడుకుంటారు. ఈ మూడూ కలిస్తే కాలి లోపలి సిరల్లో గడ్డ కడుతుంది. అది ఊడి, రక్తంతో పాటు ప్రయాణించి ఊపిరితిత్తుల్లోని రక్తనాళాన్ని మూసేస్తుంది. దీన్నే పల్మనరీ ఎంబాలిజం అంటారు.

చార్న్‌లీ తన సహచరులతో కలిసి 1962 నుంచి 1973 వరకు రైటింగ్టన్‌లో చేసిన దాదాపు 8 వేల శస్త్రచికిత్సల రికార్డులను తిరగేశారు. ఊపిరితిత్తుల్లో గడ్డ చేరి చనిపోయినవారు నూటికి ఒకరు. ప్రాణం పోకపోయినా గడ్డ బారిన పడినవారు నూటికి దాదాపు ఎనిమిది మంది. 1977లో ఈ లెక్కలను ప్రచురించారు.

ఒక్కసారి ఆలోచించండి. ప్రపంచమంతా మెచ్చుకుంటున్న శస్త్రచికిత్స. దాన్ని కనిపెట్టినందుకు 1974లో లాస్కర్ పురస్కారం, 1975లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చాయి. 1977లోనే సర్ బిరుదు కూడా దక్కింది. అలాంటి సమయంలో, నా చికిత్స తర్వాత ఇంతమంది చనిపోయారని లెక్క బయటపెట్టటం మాటలు కాదు. ఆయన మాత్రం బయటపెట్టారు. గడ్డలను నివారించటానికి అప్పటికున్న పద్ధతుల్లో ఏది ఎంత పనిచేస్తోందో కూడా పోల్చి చూశారు.

మరణం తర్వాత కూడా ఆయన పరిశీలన ఆగలేదు. తమ మరణానంతరం కృత్రిమ కీలును తీసి పరీక్షించుకోవచ్చని రోగుల నుంచి ముందే అంగీకారం తీసుకునేవారు. చాలామంది సంతోషంగా ఒప్పుకొన్నారు. అలా చేరిన వందలాది కీళ్లు ఎక్కడ అరిగాయో, సిమెంటు చుట్టూ ఎముక ఎలా ఉందో చెప్పాయి. తర్వాతి తరం రోగులకు ఆ మేలు అందింది.

జాన్ చార్న్‌లీ 1982 ఆగస్టు 5న, 70 ఏళ్ల వయసులో కన్నుమూశారు. శుద్ధమైన గాలిపై తన వాదనను బలపరిచిన అధ్యయనం వెలువడి అప్పటికి నెల రోజులే అయ్యింది.

ఇప్పుడు లెక్క ఎలా ఉంది?

చార్న్‌లీ నేర్పిన లెక్కపెట్టే అలవాటు ఆయనతో పోలేదు. ఇంగ్లండు, వేల్స్‌లో ఇప్పుడు కీళ్ల మార్పిడి ఎవరికి జరిగినా జాతీయ రిజిస్ట్రీలో నమోదవుతుంది. కీళ్లవాతంతో తుంటి మార్పించుకున్న 4 లక్షల మందికి పైగా వివరాలను విశ్లేషించి 2013లో లాన్సెట్‌లో ప్రచురించారు. శస్త్రచికిత్స జరిగిన 90 రోజుల్లోపు చనిపోయినవారు 2003లో వెయ్యికి ఐదారుగురు. 2011 నాటికి వెయ్యికి ముగ్గురు. గడ్డ మూలంగానే కాదు, ఏ కారణంతో పోయినా కలిపి వేసిన లెక్క ఇది.

ఎనిమిదేళ్లలోనే మరణాలు సగానికి ఎలా తగ్గాయి? గడ్డ కట్టకుండా హెపారిన్ లాంటి మందులు ఇవ్వటం, కాళ్లకు ఒత్తిడినిచ్చే పరికరాలు వాడటం, పూర్తి మత్తుకు బదులు వెన్నులో మత్తు ఇవ్వటం, వెనక వైపు నుంచి తుంటిని తెరిచే పద్ధతి.. వీటిని పాటించినచోట మరణాలు తక్కువగా ఉన్నట్టు ఆ అధ్యయనంలో తేలింది. ఇంతకుముందే గుండెపోటు వచ్చినవారిలో, గుండె వైఫల్యం, తీవ్రమైన కాలేయ జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవారిలో ముప్పు ఎక్కువ.

అంటే ప్రమాదం అందరికీ ఒకేలా ఉండదు. వెయ్యికి ముగ్గురన్నది సగటు మాత్రమే. ఆరోగ్యంగా ఉన్న 60 ఏళ్లావిడకు అంతకన్నా తక్కువ. మధుమేహం, గుండెజబ్బు రెండూ ఉన్న 85 ఏళ్లాయనకు అంతకన్నా ఎక్కువ. మీరు డాక్టర్‌ను అడగాల్సింది సగటు గురించి కాదు, మీ ఇంట్లోని మనిషి గురించి.

విరిగిన తుంటి వేరు

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. అరిగిన తుంటిని ముందే అనుకుని మార్పించుకోవటం వేరు. స్నానాలగదిలో జారిపడి విరిగిన తుంటికి శస్త్రచికిత్స చేయించుకోవటం వేరు. పక్కింటి పెద్దాయన తుంటి ఆపరేషన్ తర్వాత పోయారని విని, అరుగుదలతో బాధపడుతున్న అమ్మకు చికిత్స వద్దనుకోవటం సరికాదు. ఆయనది విరిగిన తుంటి కావొచ్చు.

తుంటి విరిగే వృద్ధులు సాధారణంగా అప్పటికే బలహీనంగా ఉంటారు. బ్రిటన్‌లో కూడా ఇలాంటివారిలో నెల లోపు చనిపోయేవారు నూటికి ఆరేడుగురు. ఏడాదిలోపైతే నలుగురైదుగురిలో ఒకరు. దీన్ని చూసి ఆపరేషన్ వద్దనుకుంటే ముప్పు తగ్గదు, పెరుగుతుంది. మంచానికే పరిమితమైతే న్యుమోనియా, పుండ్లు, రక్తపు గడ్డలు ఒకదాని వెంట ఒకటి చుట్టుముడతాయి. అందుకే విరిగిన తుంటికి వీలైనంతవరకు ఒకటి రెండు రోజుల్లోనే శస్త్రచికిత్స చేయాలని వైద్యులు తొందరపెడతారు. మంచి రోజు కోసమో, ఊళ్లోంచి బంధువులు రావటం కోసమో వాయిదా వేయొద్దు.

ముందే కుదిర్చే శస్త్రచికిత్సకైతే సమయం మీ చేతిలో ఉంటుంది. దాన్ని సద్వినియోగం చేసుకోండి.

• గుండె, రక్తపోటు, మధుమేహం, రక్తహీనత పరీక్షలు చేయించి, అదుపులోకి తెచ్చుకున్నాకే తేదీ ఖరారు చేసుకోండి.

• పంటిలో చీము, మూత్రంలో మంట, చర్మం మీద పుండు ఉంటే డాక్టర్‌కు చెప్పండి. ముందు అవి తగ్గాలి.

• పొగ తాగేవారు కనీసం నాలుగు వారాల ముందు మానెయ్యాలి.

• రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంటే తప్పకుండా చెప్పండి. సొంతంగా ఆపొద్దు, కొనసాగించొద్దు.

• గతంలో మీకు గానీ, రక్తసంబంధీకులకు గానీ కాలిలో గడ్డ కట్టి ఉంటే అది డాక్టర్‌కు తెలియాలి.

• గడ్డలు రాకుండా ఏ మందు ఇస్తారు, ఎన్నాళ్లు? ఏ మత్తు ఇస్తారు? ఆపరేషన్ రాత్రి ఏదైనా ఇబ్బంది వస్తే చూసే డాక్టర్ ఎవరు? ఈ మూడూ మొహమాటపడకుండా అడగండి.

ప్రేమతో పడుకోబెట్టకండి

ఆపరేషన్ అయ్యాక మన ఇళ్లలో జరిగేదొకటి ఉంది. పెద్దావిడను మంచం దిగనివ్వరు. కూర్చుంటానంటే వద్దంటారు. కాలు కింద పెడితే కీలు ఊడిపోతుందని భయపెడతారు. ఇదంతా ప్రేమే. కానీ కదలని కాలిలోనే గడ్డ కడుతుంది. ఇప్పుడు చాలా ఆసుపత్రుల్లో ఆపరేషన్ రోజో, మర్నాడో లేపి నిలబెడుతున్నారు. ఫిజియోథెరపిస్టు చెప్పిన హద్దుల్లో నడిపించండి. మంచం మీద ఉన్నంతసేపూ పాదాలను పైకీ కిందికీ ఆడిస్తుండమనండి. నీళ్లు సరిపడా తాగించండి.

గడ్డ నివారణ మందులను సాధారణంగా నాలుగైదు వారాల వరకు వాడాల్సి ఉంటుంది. కుట్లు తీసేశారు, నొప్పి లేదు కదా అని మధ్యలో మానేస్తే ప్రమాదం. గడ్డల ముప్పు తొలి వారాల్లో ఎక్కువే అయినా, మూడు నెలల వరకు పూర్తిగా పోదు.

పిక్కలో లేదా తొడలో కొత్తగా వాపు, నొప్పి, వేడి ఉంటే అదే రోజు డాక్టర్‌కు చూపించండి. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పోటు, దగ్గులో రక్తం, కళ్లు తిరిగి పడిపోవటం.. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే 108కు ఫోన్ చేయండి. జ్వరం, కోత దగ్గర ఎరుపు, రసి కారటం ఉంటే మందుల షాపులో యాంటీబయాటిక్ కొనుక్కుని వేసుకోకుండా, ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికే వెళ్లండి.

రేపు డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు, ప్రాణానికేమైనా ముప్పుందా అని నేరుగా అడగండి. మంచి డాక్టర్ దానికి నొచ్చుకోరు. ముప్పు ఎంత, ఎందువల్ల, దాన్ని తగ్గించటానికి తాము ఏం చేస్తారు, మీరేం చేయాలి అన్నది విడమరిచి చెబుతారు. చార్న్‌లీ తన రోగుల మరణాలను లెక్కపెట్టింది భయపెట్టటానికి కాదు, తర్వాత వచ్చేవారిని బతికించటానికి. ఆ లెక్క మీ ఇంటి పెద్దలకూ పనికొస్తుంది.